అరుంధతి కనబడని కోడలు

మా పెళ్లి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం జరిగింది. తలంబ్రాలయ్యాక అయ్యగారు మా ఇద్దరినీ కొంగుముడితోనే పందిరి బయటికి నడిపించుకొచ్చి, తెల్లగా మండుతున్న ఆకాశంలోకి వేలు చూపించి, "అగో, అరుంధతి నక్షత్రం. కనబడ్డదా?" అని అడిగాడు. నా పక్కనున్నాయన, అంటే అప్పుడప్పుడే నాకు మొగుడైనాయన, కళ్లు చికిలించి "కనబడ్డది" అన్నాడు. నేను బాసికం పక్కకు జరుపుకొని, మెడ నొప్పి పుట్టేదాకా శ్రద్ధగా వెతికాను. ఒక గద్ద కనబడింది. "నాకేం కనబడ్తలేదు" అన్నాను.

డప్పులు ఆగిపోయాయి. "కనబడ్డదనాలె బిడ్డా" అన్నాడు అయ్యగారు మెల్లగా. "కనబడితె గదా అయ్యగారూ అనేది" అన్నాను నేనూ మెల్లగానే. కానీ డప్పులు ఆగి ఉన్నాయి కదా, పందిట్లో అందరికీ వినబడింది. మా బాపు రుమాలుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. అవ్వ అని పిలుచుకునే మా అమ్మ వెనక నుంచి నా నడుం మీద గట్టిగా గిచ్చింది. అయినా నేను మాట మార్చలేదు.

పొగరు అనుకున్నారు. నా పెంపకం అట్లాంటిది మరి. మాది సాంచాల ఇల్లు. పవర్‌లూమును మా దిక్కు సాంచా అంటారు. బాపు నడిపేవాడు, నేను ఆ చప్పుడులోనే పుట్టి పెరిగాను. బడి నుంచి రాగానే సాంచా పక్కన నిలబడి, పోగు తెగితే "తెగింది!" అని అరవడం నా పని. తెగిన పోగును చూసి కూడా మొహమాటపడి నోరు మూసుకుంటే సాంచా ఊరుకోదు, అట్లాగే నేసుకుంటూ పోతుంది, బట్ట పొడుగునా గీత పడుతుంది. ఆ పని చేసిన పిల్లను తీసుకొచ్చి ఎండలో నిలబెట్టి, లేని చుక్కను ఉన్నదనమంటే ఎట్లా అంటుంది?

ఈ సంగతి మా అత్తకు ఎవరు చెప్పాలి? ఆ మధ్యాహ్నం నుంచి నేనామెకు "అరుంధతి కనబడని కోడలు"నైపోయాను. ఇంట్లో ఏం చెడిపోయినా ఇక కారణం వెతుక్కునే పని లేకుండా పోయింది. పాలు విరిగితే, "అరుంధతి కనబడనోళ్ల చేతిల పాలు ఇరుగుడే గదా" అనేది. బోరు మోటరు కాలితే నా వల్లనే. మామిడికాయ తొక్కుకు బూజు పడితే నా వల్లనే. ఎక్కడో ఎవరి పెళ్లిలోనో వాన పడితే, ఆ మబ్బు కూడా నేను పంపిందే. అరుంధతి కనబడనివాళ్లకు ఆరు నెలలే ఆయుష్షని ఎవరో చెప్పారట, అందుకని కొత్తలో నన్ను చూసి కాస్త జాలిపడేది కూడా. ఆరు నెలలు దాటి, ఏళ్లు దాటి, ఇద్దరు పిల్లల్ని కని నేను దిట్టంగా తిరుగుతుంటే ఆమెకు అదొక నామోషీ అయింది. మనిషి చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది కూడా ఆమే. మారుస్తూ, "గా సుక్క జూసి ఉంటె గీ జరం రాకపోవు" అంటుండేది.

మా ఆయనకు మెట్‌పల్లిలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు ఆయన తీస్తాడు, ఆల్బమ్‌లు కంప్యూటర్ మీద నేను చేస్తాను. ప్రతి ఆల్బమ్‌లోనూ అరుంధతి ఫొటో ఉండాల్సిందే. పెళ్లికొడుకు వేలెత్తి ఉంటాడు, పెళ్లికూతురు తలెత్తి ఉంటుంది, అయ్యగారు ఇంకో పెళ్లికి ఆలస్యమై గడియారం చూసుకుంటుంటాడు. ఆకాశంలో మాత్రం ఏమీ ఉండదు. "జర ఒక సుక్క ఏయుండ్రి మేడం, మంచిగుంటది" అని అడుగుతారు. నేను మౌసు పట్టుకొని వేస్తాను. పెద్దది కావాలన్నవాళ్లకు పెద్దది, మెరుపులు కావాలన్నవాళ్లకు మెరుపులతో. ఇటు మెట్‌పల్లి నుంచి అటు ఖానాపూర్ దాకా ఎన్ని జంటలకు అరుంధతిని అతికించి పంపానో నాకే గుర్తులేదు. నాకు మాత్రం అది ఒక్కనాడూ కనబడలేదు. ఈ ముచ్చట వాడకట్టులో అత్త చెప్పుకోని ఇల్లు లేదు.

అందుకే నాకొక పంతం పట్టుకుంది. ఆ చుక్క నిజంగా ఉంటే దాన్ని నా కళ్లతో నేను చూడాలి. చూసి, ఆల్బమ్‌లో వేసేది కాదు, అసలుదాన్నే అత్తకు చూపించి, "అగో, కనబడ్డది. ఇగ చాలిస్తవా?" అనాలి. దీనికోసం మిద్దె ఎక్కి చాలాసార్లు చూశాను. మా వీధి మొగలో కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ లైటు కనబడేది. ఎవరినడిగినా, "పైన్నే ఉంటది" అనేవాళ్లు. పైన ఉంటుందని నాకూ తెలుసు.

ఈలోపల మా ఆయనకు పిచ్చి పట్టింది. పెళ్లిపందిళ్లలో "లైట్! లైట్ గిటు కొట్టు!" అని గొంతు పోయేలా అరుస్తూ బతికిన మనిషి, ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "నాకు చీకటి కావాలె" అన్నాడు. నేను పప్పు గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. ఆయన ఫోను తీసి చూపించాడు. లడఖ్ అట. మంచుకొండల పైన నల్లటి ఆకాశం, దాంట్లో పిండి చల్లినట్టు పాలపుంత. ఎవరో కుర్రాళ్లు తీసిన ఫొటోలు. "గిట్లాంటిది ఒక్కటి తియ్యకపోతె నేను ఫొటోగ్రాఫర్నే గాదు. లడఖ్ పోదాం" అన్నాడు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టున్నది నీ ముచ్చట" అన్నాను. "నీకు జగిత్యాల బస్సులనే కడుపుల తిప్పుతది. లడఖ్ పోతవా? ఉట్నూర్ దిక్కు పో. గుట్టలు లేవా, అడవి లేదా?"

ఆయన కాసేపు అలిగి, తర్వాత ఆలోచించాడు. కావలసినవి మూడేనట. ఎత్తు కావాలి, చుట్టుపక్కల ఊళ్ల వెలుతురు ఉండకూడదు, అమావాస్య కావాలి. అమావాస్యనాడు ఎట్లాగూ పెళ్లిళ్లుండవు, కాబట్టి స్టూడియో ఖాళీ. "గా ఆకాశంల అరుంధతి వస్తదా?" అని అడిగాను, ఏదో మాటవరసకు అడిగినట్టు. వస్తుందన్నాడు. సప్తర్షుల్లో రెండు చుక్కలు ఆనుకొని ఉంటాయట, పెద్దది వశిష్ఠుడు, చిన్నది అరుంధతి. చీకటి బాగుంటే కెమెరా కూడా అక్కర్లేదు, ఉత్త కంటికే కనబడుతుందట. గరిటె పప్పు గిన్నెలో పడేశాను. "నేనూ వస్త" అన్నాను.

లోపలి అర్రలో నుంచి అత్త గొంతు వినబడింది. "అమాస నాడు అడవిలకా? ఏం పోయేకాలం రా మీకు?" తర్వాత ఆమే బయటికొచ్చింది. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా మరిది దుబాయిలో ఉంటాడు, ఆయన బిడ్డకు పెళ్లి కుదిరింది, ముహూర్తం ఇంకో నెలలోనే. ఆ పిల్ల మొన్ననే అత్త ముందు నిలబడి, "బాపమ్మా, నాకు గూడ కనబడకపోతె పెద్దమ్మ లెక్కనే కనబడలేదనే అంట" అని అంటించి పోయింది. అప్పటి నుంచి అత్తకు నిద్ర లేదు. ఇంట్లో ఒకతె ఉంటేనే ఇంత పరేషాన్, ఇద్దరైతే ఏం గాను? "నేను గూడ వస్త" అంది అత్త. "దీనికి గా సుక్క ఎట్ల కనబడదో నేను సూస్త. నేనే సూపెడ్త. దీని నోరు బంద్ అయితె పిల్ల దానంతట అదే బాగుపడ్తది."

ఇద్దరం ఒకరి నోరు ఒకరం మూయించడానికి బయల్దేరాం. మధ్యలో మా ఆయన, కెమెరా.

బయల్దేరే ముందు అత్త మా పాత వ్యాను చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎండు మిరపకాయలు, ఉప్పు చుట్టూ తిప్పి దిష్టి తీసింది. బియ్యప్పిండితో చేసిన సర్వప్పలు, తొక్కు, నీళ్ల క్యాను సర్దుకుంది. గోదావరి దాటి, ఖానాపూర్ మీదుగా, టేకు అడవిలో నుంచి ఉట్నూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. టేకు చెట్లన్నీ ఆకు రాల్చుకొని మోడుల్లా నిలబడ్డాయి. వ్యాను గుట్ట ఎక్కదు కాబట్టి అక్కడ వదిలేసి జీపు మాట్లాడుకున్నాం. ఆ జీపు నడిపే అతని పెళ్లి మా ఆయనే తీశాడు, ఆ అభిమానంతో సామాను తనే ఎక్కించాడు. ఎక్కిస్తూ వెతుక్కున్నాడు.

"సార్, లైట్లేవి?"

"లైట్లు తేలే."

"గొడుగులు? ఫోకస్?"

"ఏం వద్దు తమ్మీ. చీకట్ల ఫొటో తీస్త."

అతను నా వైపు తిరిగి, సార్‌కు ఒంట్లో బాగుందా అన్నట్టు చూశాడు. నేను నవ్వి ఊరుకున్నాను. చెప్పి ఉంటే బాగుండేది. ఎందుకంటే అతను ఛాయ్ తాగొస్తానని పక్కకు వెళ్లి, గుట్ట మీది పటేల్‌కు ఫోన్ చేసి, మా సార్ పాపం లైట్లు మరిచిపోయి వస్తున్నాడు, మీరే ఏదో ఒకటి చూడాలని చెప్పాడు. ఈ సంగతి మాకు రాత్రి గాని తెలియలేదు.

గుట్ట మీద పాతిక ఇండ్ల గోండు గూడెం. ఎర్రమట్టి అలికిన గోడలు, ఊడ్చి ఉన్న వాకిళ్లు, రాలిన ఇప్పపువ్వు తీపి వాసన. ఆ గూడేనికి పెద్ద అయిన పటేల్ ఎదురొచ్చి "రామ్ రామ్" అని, చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చాడు. అక్కడ చుట్టాలను మరాఠీ లెక్కన పావ్నే అంటారు. "పావ్నే వచ్చిండ్రు, మంచాలెయ్యుండ్రి" అని ఇంట్లోకి కేకేశాడు. జొన్నరొట్టె, కందిపప్పు పెట్టారు. అత్త సర్వప్పలు పంచింది. అవి తిని పటేల్ భార్య ఏదో గోండిలో అంది, అత్త తెలుగులో జవాబిచ్చింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు గాని, ఇద్దరూ కోడళ్ల గురించే మాట్లాడుకున్నారని నాకు గట్టి నమ్మకం.

పొద్దుగూకింది. గూడెం వెనక బండ ఒకటి చదునుగా ఉంది, అక్కడికి వెళ్లాం. మా ఆయన మూడుకాళ్ల స్టాండు బిగించి, కెమెరా ఎక్కించి, పెళ్లికొడుకులా కదలకుండా నిలబడ్డాడు. నేను తల ఎత్తాను.

ఏమని చెప్పను? ఆకాశం అంటే నాకు తెలిసింది మిద్దె మీద ఆరేసిన బట్టల మధ్య నుంచి కనబడేది. ఇక్కడ అది చుట్టూ నేల దాకా దిగి ఉంది. ఎన్ని చుక్కలు! కొన్ని ఎర్రగా, కొన్ని నీలంగా, మధ్యలో సన్నగా ఉప్పు చల్లినట్టు ఇంకెన్నో. నాకు సంతోషమేసింది, వెంటనే భయమేసింది, ఎందుకో మా బాపు గుర్తొచ్చాడు. ఇన్నేళ్లు ఇది రోజూ మా నెత్తి మీదే ఉందని తెలిసి కోపం కూడా వచ్చింది. ఆ వీధి లైటును పగలగొట్టాలనిపించింది.

"ఎవ్వరు మాట్లాడకుండ్రి. మొదటి ఫొటో" అన్నాడు మా ఆయన. మాట్లాడితే ఫొటోకు ఏమవుతుందని అడగబోయి ఊరుకున్నాను. ఆయన మీట నొక్కాడు.

సరిగ్గా అప్పుడు గూడెం వైపు నుంచి ట్రాక్టరు స్టార్టయింది. గడగడమంటూ బండ మీదికొచ్చి రెండు హెడ్‌లైట్లు మా మొహాల మీద కొట్టింది. దాని వెనక మోటార్ సైకిళ్లు, వాటి లైట్లు. వాటి వెనక ఆడా మగా, చేతుల్లో సెల్‌ఫోన్ టార్చీలు. ఒకాయన పండక్కి ఇంటికి కట్టిన సీరియల్ లైట్లు బ్యాటరీతో సహా పట్టుకొచ్చి బండ చుట్టూ పరవబోతున్నాడు. చుక్కలన్నీ ఒక్క దెబ్బకు మాయమయ్యాయి. మా ఆయన రెండు చేతులూ కెమెరా మీద కప్పి, "బంద్ చేయుండ్రి! బంద్ చేయుండ్రి!" అని అరిచాడు.

పటేల్ ట్రాక్టరు మీద నుంచే చెయ్యూపాడు. "మొహమాటపడకు పావ్నా! డ్రైవర్ చెప్పిండు. లైట్ మర్శిపోయినవట గదా. మా ఊరికచ్చి నీ ఫొటో కరాబ్ అయితె మాకు ఇజ్జత్ గాదు."

మా ఆయన దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకొని బతిమాలాడు. లైటు అక్కర్లేదని, ఉంటేనే ఫొటో రాదని చెప్పాడు. పటేల్ నమ్మలేదు. "లైట్ లేకుంట ఫొటోనా? నా లగ్నంల ఫొటో ఆయన నా కండ్లల్ల లైట్ కొట్టి కొట్టి, పిల్ల మొకం నాకు తెల్లారి దాంక కనబడలే. నువ్వేం ఫొటోగ్రాఫర్‌వి?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. అత్తకు కూడా ఆగలేదు. బతుకంతా లైటు మీద బతికిన మనిషి, లైటు వద్దని ఊరందరి కాళ్లు పట్టుకుంటున్నాడు. చివరికి, చుక్కలు భయపడి పోతాయి, మీకు దండం పెడతానంటే, సరే పావ్నా ఇష్టమని ఒక్కొక్కటే ఆర్పారు. పటేల్ మాత్రం తన చేతి టార్చీ ఆర్పి చంకలో పెట్టుకొని అక్కడే కూర్చున్నాడు, ఎప్పటికైనా అవసరం పడక పోతుందా అని.

కళ్లకు మళ్లీ చీకటి అలవాటు కావడానికి సమయం పట్టింది. చుక్కలు మెల్లగా తిరిగొచ్చాయి. అత్త గొంతు సవరించుకుంది.

"ఇటు రా" అంది నాతో. "కండ్లు మంచిగ తెరిచి సూడు. అగో, అరుంధతి."

బాగా మెరుస్తున్న చుక్కను చూపించింది. మా ఆయన కెమెరా వెనక నుంచే, "అవ్వా, అది దక్షిణం. అరుంధతి ఉత్తరం దిక్కుంటది" అన్నాడు.

"నాకెరుకనే. పరీక్ష జేసిన" అని ఉత్తరం తిరిగింది అత్త. "అగో. నడుసుకుంట పోతున్నది సూడు, సల్లగ."

"అవ్వా, అది ఇమానం."

అత్త కాసేపు ఆ విమానాన్నే చూసింది. "దుబాయ్ దిక్కేనారా?" అని అడిగింది. ఏమో అన్నాడు మా ఆయన. అది గుట్టల వెనక్కి పోయేదాకా అత్త వేలు దించలేదు.

తర్వాత ఆయన కెమెరా తెరను మా వైపు తిప్పాడు. అప్పుడే తీసిన ఫొటోలో నాలుగు చుక్కలు చౌకంగా, వాటి వెనక మూడు చుక్కలు వంకరగా ఉన్నాయి. "ఇవి సప్తర్షులు. గీ మూడిట్ల నడుమ దాన్ని సూడుండ్రి" అన్నాడు. అత్త తెరను చూసింది, ఆకాశాన్ని చూసింది, మళ్లీ తెరను చూసింది.

"ఓరి నీ! గిది ముసలవ్వ మంచం గదరా! గిది నాకు తెల్వదా? గవి నాలుగు మంచం కోళ్లు. గా ముగ్గురు మంచాన్ని ఎత్కపోయే దొంగలు. నడుమ దొంగ సంకల పిల్ల గూడ ఉంటది సూడు. చిన్నప్పుడు వాకిట్ల పండుకొని దినాం సూసేటిదాన్ని. ముసలవ్వ లేస్తె గా పిల్లకు దెబ్బలు పడ్తయని మస్తు ఫికర్ చేసేటిదాన్ని."

"మా దగ్గర గూడ మంచమే, దొంగలే" అన్నాడు పటేల్ చీకట్లో నుంచి సంబరంగా.

"అవ్వా" అన్నాడు మా ఆయన. "గా సంకల పిల్లనే అరుంధతి."

అత్త నోరు తెరిచింది. తెరిచిన నోరు అట్లాగే ఉంది. నేను ఊరుకుంటానా? పాతికేళ్లుగా ఎదురుచూసిన చోటు అది.

"అత్తమ్మా, మరి నీ పెండ్లిల ఏం జూసినవ్?"

అత్త కొంగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. నేను గెలిచానని తెలుస్తూనే ఉంది, ఆ గెలుపును ఇంకాసేపు నోట్లో చప్పరించాలని ఉంది. అప్పుడు అత్త మాట్లాడింది. ఎప్పుడూ వాడకట్టుకు వినబడేలా మాట్లాడే మనిషి, పక్కనున్న నాకే సరిగా వినబడనంత మెల్లగా మాట్లాడింది.

"ఏం జూసిన? ఏం జూడలే. పగటీలి, ఎండ. ఇంత పిల్లను అప్పుడు. కనబడ్డదా అని అడిగిండు. లేదందామని నోరు తెరిచిన. మా బాపు ఎనుక నుంచి చెయ్యి గిచ్చిండు. కనబడ్డదన్న. దినాం రాత్రి నేను సూసిన సుక్కనే అది, ఒక్కలన్న చెప్పలే నాకు."

"మరి ఇన్నేండ్లు నన్నెందుకు సాధించినవ్?"

"నీ పెండ్లిల మీ అవ్వ నిన్ను గిచ్చింది. నేను సూసిన. గిచ్చినా నువ్వు మాట మార్సలే" అంది అత్త. "నాకు కడుపు మండింది. నేను అనలేకపోయిన మాట ఇదెట్ల అంటది అనుకున్న."

అత్తా ఒకింటి కోడలే అని సామెత. ఆ సామెతను నేను ఎన్నిసార్లు వెటకారంగా వాడానో! ఈమె కూడా ఎవరో గిచ్చితే నోరు మూసుకున్న పిల్లే అని ఒక్కసారీ తట్టలేదు. అనాల్సిన మాటలన్నీ వంట చేస్తూ, బట్టలుతుకుతూ ఏళ్ల తరబడి తయారు చేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాంతో ఉన్న చుక్కలు కూడా అలుక్కుపోయాయి.

"ఇప్పుడు ఏడ్పేందే?" అని అత్త తన కొంగుతోనే నా కళ్లు తుడిచింది, గట్టిగా, గిన్నె తుడిచినట్టు. తర్వాత వెనక నిలబడి, ఒక చేత్తో నా గడ్డం పట్టుకొని ఉత్తరానికి తిప్పి, రెండో చెయ్యి నా భుజం మీది నుంచి ఆకాశంలోకి చాపింది. "నా ఏలు కొసకు సూడు. మంచం ఇడిసిపెట్టు. ఒకటో దొంగను ఇడిసిపెట్టు. నడుమోని సంకకు సూడు. తొందరపడకు."

చూశాను. మొదట ఒకటే చుక్క. కళ్లు చిన్నవి చేసి, ఊపిరి బిగబట్టి చూస్తే, దాని పక్కనే ఇంకొకటి. ఎంత చిన్నది! నేను ఆల్బమ్‌లలో అతికించేవాటి పక్కన పెడితే ఇది ఎవరి కంటికీ ఆనదు. మెరుపుల్లేవు, రంగుల్లేవు. ఎవరినీ పిలవకుండా తన మానాన తను వెలుగుతోంది. ఆ చిన్న చుక్క నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

"కనబడ్డది" అన్నాను.

"నిజంగనా? నా కోసం అంటున్నవా?"

"నీ కోసం నేను ఎన్నడన్న ఒక్క మాట అన్ననా అత్తమ్మా?"

"అదీ నిజమే" అంది అత్త.

"ఇద్దరు గట్లనే ఉండుండ్రి! కదలకుండ్రి!" అని మా ఆయన అరిచాడు. ఎప్పుడు తిప్పాడో కెమెరా పక్క నుంచి మా మీదికి తిప్పి ఉంది. అరనిమిషం కదలకూడదట. చుక్కలు వస్తాయిగాని మనుషులు నల్లగా నీడల్లా పడతారని తనలో తను గొణుక్కుంటున్నాడు. చీకట్లో నుంచి పటేల్ గొంతు వినబడింది, ఎంతో ఓపికగా ఉన్నవాడి గొంతు.

"పావ్నా, ఇప్పుడు కొట్టనా లైట్?"

మా ఆయన కాసేపు తన మానాభిమానాలతో కొట్లాడాడు. "ఒక్కటేసారి కొట్టు పటేలా. రెప్ప కొట్టినంత సేపే" అన్నాడు.

టార్చీ ఇట్లా వెలిగి అట్లా ఆరింది. "నేను చెప్పలేదా!" అని పటేల్ గూడెమంతా వినబడేలా కేకేశాడు. "లైట్ లేకుంట ఫొటో రాదని చెప్పలేదా!" చీకట్లో అక్కడక్కడా కూర్చున్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఫొటో ఇప్పుడు మా స్టూడియోలో, గల్లా వెనక గోడ మీద ఉంది. పైన చుక్కలు, కింద ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి భుజం మీది నుంచి ఇంకొకరి వేలు ఆకాశంలోకి. అత్త మూతి దగ్గర మాత్రం కాస్త మసక. శరీరం కదపలేదుగాని నోరు ఆగలేదు మరి. మా ఆయన లడఖ్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి, "గిది ఎవరి పెండ్లి మేడం?" అని అడుగుతారు. మాదే అని చెబుతాను.

గుట్ట దిగొచ్చిన వారంలోనే పాలు విరిగాయి. అత్త పొయ్యి దగ్గరికొచ్చింది, గిన్నెలోకి చూసింది, నా వైపు చూసింది. నోరు తెరిచి, మూసి, "పాలోడు మోసం చేస్తుండు, మార్వాలె" అని వెళ్లిపోయింది.

మరిది బిడ్డ పెళ్లి కూడా మిట్టమధ్యాహ్నమే. అయ్యగారు జంటను బయటికి తెచ్చి వేలు ఎత్తాడు. పిల్ల నా వైపు చూసింది, నేను అత్త వైపు చూశాను. అత్త కుర్చీలో నుంచి లేచింది. "అయ్యగారూ, మీరు మంత్రం కానియ్యుండ్రి. సూపెట్టుడు నాకిడిసిపెట్టుండ్రి, పొద్దుగూకినంక సూపెడ్త" అంది. ఆయనకు ఇంకో పెళ్లి ఉంది కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక అత్త నిజంగానే పెళ్లింటి లైట్లన్నీ ఆర్పించింది. సీరియల్ లైట్లు, గేటు లైట్లు, ఆఖరికి మా ఆయన ఫోకస్ లైటు కూడా. "బంద్ చేయుండ్రి!" అని అరుస్తుంటే అచ్చం గుట్ట మీద ఆయన అరిచినట్టే ఉంది. వాకిట్లో పెళ్లికూతురిని ముందు నిలబెట్టుకొని, గడ్డం పట్టుకొని, మంచం చూపించింది, దొంగలను చూపించింది. చుట్టాలంతా చీకట్లో తలలెత్తి నిలబడ్డారు. ఊళ్లో ఆకాశం గుట్ట మీదంత నల్లగా ఎక్కడుంటుంది? పిల్ల చాలాసేపు చూసి, బిక్కమొహం వేసింది.

"బాపమ్మా, నాకు కనబడ్తలేదు."

"కనబడకపోతె కనబడలేదనే చెప్పు బిడ్డా" అంది అత్త, వాడకట్టంతా వినబడేలా. "దాండ్ల ఏమున్నది? ఎవ్వరేమంటరు?"

ఎవ్వరేమంటారట! నేను చీకట్లో వెనక నుంచి వెళ్లి, అత్త నడుం మీద గట్టిగా ఒక్క గిచ్చు గిచ్చాను. అయినా ఆమె మాట మార్చలేదు.